కారులో పిల్లల సీటు: కొలతల నుంచి బిగింపు దాకా పూర్తి మార్గదర్శి

"ఏ కంపెనీ సీటు కొనమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ సీటు మీ బండిలో కదలకుండా కూర్చుంటుందా? మీ బిడ్డ అందులో సరిగ్గా అమరుతుందా? వేలు పోసి కొన్న సీటును వదులుగా బిగిస్తే, గట్టిగా బిగించిన మామూలు సీటు పాటి కూడా చేయదు. అందుకే ఇక్కడ కొనడం గురించి తక్కువ, బిగించడం గురించి ఎక్కువ ఉంటుంది.

ఒళ్లో పెట్టుకుంటే చాలదా అనే వాళ్లకు ఒక లెక్క. పిల్లల సీట్లను ప్రయోగశాలలో గంటకు 50 కి.మీ. వేగంతో పరీక్షిస్తారు. ఆ తాకిడిలో సీటు మీద గురుత్వ బలానికి 20 నుంచి 28 రెట్ల బలం పడుతుంది. అంటే 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 200 కిలోలకు పైగా బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఎంత బలమైన చేతులైనా ఆపలేవు. తల్లీబిడ్డలిద్దరికీ కలిపి ఒకే బెల్టు పెడితే ఇంకా ప్రమాదం, తల్లి బరువంతా బిడ్డ మీద పడి బెల్టుకు అదిమేస్తుంది.

చట్టం సంగతి: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 194బి ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా.

1. కొనే ముందు: బిడ్డ కొలతలు, బండి తనిఖీ

వయసు చూసి సీటు కొనకండి. బిడ్డ బరువు, ఎత్తు చూసి కొనండి. బరువు తూచే యంత్రం మీద ముందు మీరొక్కరే, తర్వాత బిడ్డను ఎత్తుకుని నిలబడితే తేడా తెలిసిపోతుంది. ఎత్తుకు బిడ్డను గోడకు ఆనించి, తల మీద అట్ట పెట్టి గీత గీయండి. నిలబడలేని పిల్లలను చాప మీద పడుకోబెట్టి, కాళ్లు చాపి, తల నుంచి మడమ దాకా టేపు పట్టండి.

ఇక బండి. వెనక సీటు దగ్గర కూర్చుని తీరిగ్గా చూడాల్సినవి ఇవీ:

- వెనక సీటు బెల్టులన్నీ పైకి కనిపిస్తున్నాయా? చాలా బండ్లలో సీటు కవర్లు కుట్టించినప్పుడు బకిల్స్ కవరు కిందకు పోతాయి. షోరూం నుంచి వచ్చాక ఒక్కసారి కూడా బయటకు తీయని బకిల్స్ ఎన్నో.
- ఐసోఫిక్స్ కడ్డీలు (బెల్టు అవసరం లేకుండా పిల్లల సీటును నేరుగా బండికి తగిలించేవి) ఉన్నాయా? సీటు అడుగు భాగం, వీపు భాగం కలిసే సందులో చెయ్యి పెట్టి తడమండి. 6 మి.మీ. మందం ఉన్న రెండు ఇనుప కడ్డీలు, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి కొలిస్తే 28 సెం.మీ. దూరంలో తగులుతాయి. పైన చిన్న గుర్తో, ప్లాస్టిక్ మూతో ఉంటుంది.
- టాప్ టెథర్ (పిల్లల సీటు పైభాగం ముందుకు పోకుండా వెనక్కి పట్టి ఉంచే పట్టీ) తగిలించే కొక్కెం ఎక్కడుంది? సెడాన్లలో వెనక అద్దం కింద అరలో, హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో సీటు వీపు వెనకో, డిక్కీ నేల మీదో ఉంటుంది. సామాను కట్టుకునే కొక్కేలు కూడా అక్కడే ఉంటాయి. వాటిని చూసి పొరబడకండి. బండి మాన్యువల్లో బొమ్మ ఉంటుంది.
- మధ్య సీటుకు మూడు చోట్ల పట్టే బెల్టా, నడుముకు మాత్రమే పట్టే బెల్టా?
- వెనక బెల్టు పొడవెంత? వెనక్కి తిప్పి (బిడ్డ ముఖం బండి వెనక వైపు ఉండేలా) పెట్టే సీటుకు బెల్టు చాలా పొడవు కావాలి. కొన్ని బండ్లలో చాలదు.
- నేల మీద మందపాటి 7డి మ్యాట్లున్నాయా? నేలకు ఆనే ఆధారపు కాలు (సపోర్ట్ లెగ్) ఉండే సీట్లకు ఇవి అడ్డం. దీని గురించి తర్వాత.
- డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటే దాని వెనక టెథర్ కొక్కెం అందుతుందా?

సీటు కవర్ల విషయం మరోసారి. ఐసోఫిక్స్ సందులను మూసేసి కుట్టే కవర్లు మన దగ్గర మామూలే. కొత్తగా కుట్టించుకుంటున్నారా, కడ్డీల చోట జిప్పో, కోతో వదలమని ముందే చెప్పండి. ఇప్పటికే కుట్టేసి ఉంటే, కొలత తీసుకుని ఆ చోట కోయించి అంచు కుట్టించండి. సీటు వీపులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో కవరు దాన్ని కూడా కప్పేయకూడదు.

కొత్త బండి కొనే ఆలోచనలో ఉంటే భారత్ ఎన్‌క్యాప్ (బండ్లను ఢీకొట్టించి భద్రతను తూచే మన దేశపు పరీక్ష) మార్కులు చూడండి. ఇవి 2023 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్నాయి. పిల్లల భద్రతకు మొత్తం 49 మార్కులు. అందులో 24 ఢీకొట్టే పరీక్షకు, 12 పిల్లల సీట్లు బండిలో ఎంత సరిగ్గా అమరుతాయన్నదానికి, 13 బండిలోని ఏర్పాట్లకు. పెద్దల నక్షత్రాలు చూసి ఊరుకోకుండా, పిల్లల లెక్క విడిగా అడగండి.

2. ఏ రకం సీటు

ముఖ్యంగా నాలుగు రకాలు.

శిశువుల క్యారియర్: పుట్టిన రోజు నుంచి సుమారు 13 కిలోల దాకా. ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటుంది. పిడి పట్టుకుని బిడ్డతో సహా ఎత్తుకుపోవచ్చు.

రెండు వైపులా తిప్పగలిగే సీటు: పుట్టినప్పటి నుంచి 18 కిలోలు, లేదా 105 సెం.మీ. దాకా. ఒకే సీటుతో ఎక్కువ కాలం గడుస్తుంది కాబట్టి చాలామందికి ఇది సరిపోతుంది. నెలలు నిండని పసికందుకు మాత్రం కొన్ని మోడళ్లు వదులుగా ఉంటాయి. సీటుతో వచ్చిన మెత్త వాడాలి, విడిగా కొన్నది కాదు.

ముందుకు తిరిగి, సొంత పట్టీలున్న సీటు: వెనక్కి తిరిగే సీటు పరిమితి దాటిన పిల్లలకు.

వీపు ఉన్న బూస్టర్: 100 నుంచి 150 సెం.మీ. ఎత్తున్న పిల్లలకు. ఇందులో బిడ్డను పట్టుకునేది బండి బెల్టే, బూస్టర్ పని బిడ్డను ఎత్తు చేయడం, బెల్టును సరైన చోటికి తేవడం. వీపు లేని వట్టి పీట లాంటివి 125 సెం.మీ. ఎత్తు దాటిన వాళ్లకే. పక్క నుంచి తాకిడి వస్తే తలకు ఏ అండా ఉండదు.

కొనేటప్పుడు సీటు వెనకో అడుగునో ఉండే చీటీ చూడండి. నారింజ రంగులో, వృత్తంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె, ఆర్44/04 అనో ఆర్129 అనో ఉంటుంది. ఇవి పిల్లల సీట్లకు ఐక్యరాజ్యసమితి పెట్టిన భద్రతా ప్రమాణాలు. మన దేశపు ప్రమాణం ఏఐఎస్ 072. ఇవేవీ లేనిది ఎంత చవకైనా వద్దు. వెయ్యి రూపాయల లోపు ఆన్‌లైన్‌లో దొరికే గుడ్డ సంచి లాంటి 'సీట్లు' సీట్లు కావు. బండి సీటుకు కట్టేసే గుడ్డ ముక్కలవి.

ఆర్44 బరువు లెక్కన, ఆర్129 ఎత్తు లెక్కన నడుస్తాయి. తేడా ఇక్కడ పనికొస్తుంది: ఆర్129లో 15 నెలలు నిండేదాకా వెనక్కి తిప్పే ఉంచాలన్న నియమం ఉంది. పాత ఆర్44 సీటు పెట్టె మీద '9–18 కిలోలు' అని చూసి, తొమ్మిదో నెలలోనే బిడ్డను ముందుకు తిప్పేసే తల్లిదండ్రులు చాలామంది. అది కనీస గీత మాత్రమే. ఆ బరువు రాగానే తిప్పేయాలని కాదు.

పాత సీటు తీసుకోవడం తప్పు కాదు, బంధువుల దగ్గర వాడినదైతే మరీ మంచిది. కానీ ఈ నాలుగు తెలియకపోతే తీసుకోకండి: ప్రమాదంలో లేదని, తయారీ తేదీ ఏదని, మాన్యువల్ ఉందని, ఏ భాగమూ పోలేదని. సీట్ల ఆయుష్షు కంపెనీని బట్టి 6 నుంచి 10 ఏళ్లు. ఎండలో ఉండీ ఉండీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. తేదీ చీటీ మీదో, అడుగున అచ్చులో గడియారం ముఖం లాంటి గుర్తుగానో ఉంటుంది.

3. వెనక్కి ఎంతకాలం

పసిబిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు. మెడ ఎముకలు ఇంకా మెత్తగా, పూర్తిగా కలవకుండా ఉంటాయి. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డను పట్టీలు భుజాల దగ్గర ఆపుతాయి, తల మాత్రం ఆగదు. బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగితే తల, మెడ, వీపు మూడూ సీటు చిప్పలోకి ఒకేసారి ఒదుగుతాయి.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో 'రెండేళ్ల దాకా' అన్న వయసు గీతను కూడా తీసేసింది. సీటు తయారీదారు చెప్పిన బరువో, ఎత్తో దాటేదాకా వెనక్కే అంది. మన పిల్లలకూ అదే వర్తిస్తుంది.

"కాళ్లు ముడుచుకుపోతున్నాయి, నలిగిపోతాడు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. పిల్లలు బాసింపట్టు వేసుకుని గంటల తరబడి ఆడుకుంటారు, ఆ భంగిమ వాళ్లకు అలవాటే. మార్చాల్సిన సమయం కాళ్లు చెప్పవు, తల చెబుతుంది. తల పైభాగం సీటు పై అంచుకు 2.5 సెం.మీ. కన్నా దగ్గరకొస్తే ఆ సీటు పరిమితి అయిపోయినట్టు.

4. బండిలో ఏ చోట

వెనక సీటు. ఇందులో బేరం లేదు.

మధ్య చోటు పక్క తాకిడులకు దూరం కాబట్టి సిద్ధాంతంగా మంచిది. కానీ మన బండ్లలో చాలావాటికి మధ్యలో ఐసోఫిక్స్ ఉండదు, నేల గడ్డ ఎత్తుగా ఉంటుంది, పాత బండ్లలో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. అందుకని ఎడమ వైపు వెనక సీటు ఎంచుకోండి. రోడ్డు అంచు వైపు దించుకోవచ్చు, డ్రైవరు సీటు వెనక్కి జరపడానికి అడ్డం రాదు.

ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉంటే వెనక్కి తిరిగే సీటు పెట్టనే కూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కళ్లు మూసి తెరిచే లోపు, అది నేరుగా బిడ్డ తల వెనకున్న సీటు చిప్పను కొడుతుంది. రెండు సీట్ల బండ్ల లాంటి తప్పనిసరి పరిస్థితుల్లో తాళంతో తిప్పే స్విచ్‌తో ఎయిర్‌బ్యాగ్ ఆపి, డాష్‌బోర్డు మీద ఆఫ్ దీపం వెలిగిందో లేదో చూసుకోవాలి. స్విచ్ లేదంటే, పెట్టకూడదంతే.

ఏడు సీట్ల బండిలో పసివాడిది మధ్య వరుస. చివరి వరుస వెనక అద్దానికి మరీ దగ్గర, అత్యవసరంలో చెయ్యి అందదు.

5. ఐసోఫిక్స్‌తో బిగించడం

ముందు మాన్యువల్ తెరవండి, బండిదీ సీటుదీ రెండూ.

1. బండి సీటు మీది దిండ్లు, టవళ్లు, పూసల కవర్లు తీసేయండి. పిల్లల సీటుకూ బండి సీటుకూ మధ్య ఏమీ ఉండకూడదు.
2. సీటుతో వచ్చిన ప్లాస్టిక్ దారులు కడ్డీలకు తొడగండి. కడ్డీ కనిపించక తడుముకునే బాధ పోతుంది.
3. బేస్ (పిల్లల సీటు అడుగు భాగం) నుంచి కడ్డీలకు పట్టే రెండు కొక్కేలనూ బయటకు లాగి, ఒకేసారి కడ్డీల మీదకు తోయండి. రెండు 'టిక్' చప్పుళ్లు వినపడాలి. ఒకటే వినపడితే తీసి మళ్లీ పెట్టండి.
4. రెండు వైపులా గుర్తు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారిందా?
5. బేసును మోకాలితో నొక్కుతూ బండి సీటు వీపుకు ఆనేలా లోపలికి తోయండి.
6. ఇప్పుడు మూడో ఆధారం. టాప్ టెథరో, సపోర్ట్ లెగ్గో, మీ సీటుకు ఏదుంటే అది.

ఈ ఆరోదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. కింద రెండు కడ్డీలకు మాత్రమే తగిలించిన సీటు, తాకిడిలో తిరగలి పిడి తిరిగినట్టు ఆ కడ్డీల చుట్టూ ముందుకు తిరుగుతుంది. బిడ్డ తల ముందు సీటుకు కొట్టుకునేది అప్పుడే.

టాప్ టెథర్ అయితే పట్టీని హెడ్‌రెస్ట్ కింది నుంచి, రెండు ఊచల మధ్యగా వెనక్కి తీసుకెళ్లి కొక్కేనికి తగిలించి, సాగు పోయేదాకా లాగండి. హెడ్‌రెస్ట్ పిల్లల సీటును ముందుకు తోస్తుంటే దాన్ని తీసి డిక్కీలో పడేయకండి, దూర ప్రయాణంలో అదే ఎగిరి తగులుతుంది. ఇంట్లో పెట్టండి.

సపోర్ట్ లెగ్ అయితే కాలు గట్టి నేల మీద నిలవాలి. 7డి మ్యాట్ మీద పెడితే మ్యాట్ అణిగి కాలు లేచిపోతుంది. ఆ చోట మ్యాట్ తీసేయండి, లేదా కాలు పట్టేంత కోయించండి. నేల కింద సామాను అర ఉన్న బండ్లలో మూత పగిలి కాలు లోపలికి దిగొచ్చు. అలాంటి బండికి ఆ సీటు సరిపోతుందో లేదో సీటు కంపెనీ పట్టికలో చూడండి. కాలు గాల్లో వేలాడకూడదు, బేసును పైకి లేపేంత పొడవుగానూ ఉండకూడదు.

ఆర్129 ఐసోఫిక్స్ సీట్లకు ఒక గీత: సీటు బరువు, బిడ్డ బరువు కలిపి 33 కిలోలు దాటకూడదు. సీటే 14 కిలోలుంటే బిడ్డకు మిగిలేది 19.

6. బండి బెల్టుతో బిగించడం

ఐసోఫిక్స్ లేదని బెంగ వద్దు. మూడు చోట్ల పట్టే బెల్టుతో సరిగ్గా బిగిస్తే అంతే భద్రం. కాకపోతే ఓపిక కావాలి.

సీటులో బెల్టు వెళ్లే దారులకు రంగు గుర్తులుంటాయి. వెనక్కి తిప్పి పెట్టేటప్పుడు నీలం, ముందుకు పెట్టేటప్పుడు ఎరుపు. ఒకే సీటుకు రెండూ ఉంటే ఎక్కువ తప్పులు ఇక్కడే.

1. సీటును స్థానంలో పెట్టి, బెల్టు మొత్తం బయటకు లాగండి. మెలికలు తీయండి.
2. నడుము పట్టీని, భుజం పట్టీని ఆ రంగు దారుల్లోంచి తీసి బకిల్‌లో పెట్టండి. శిశువుల క్యారియర్‌కు సాధారణంగా నడుము పట్టీ కాళ్ల వైపు, భుజం పట్టీ వీపు చుట్టూ వెళ్తుంది.
3. ముందుకు తిరిగే సీటైతే అందులో మోకాలు పెట్టి బరువంతా వేయండి. నడుము పట్టీ సాగు భుజం పట్టీలోకి వచ్చేలా లాగి, ఆ సాగును పైకి వదలండి. రెండు మూడు సార్లు చేయాలి.
4. సీటుకు లాక్ క్లిప్ (బెల్టు మళ్లీ సాగకుండా పట్టేది) ఉంటే బెల్టు బిగుతుగా ఉండగానే మూయండి.

ఒక తప్పు ప్రత్యేకంగా చూడాలి. బండి బకిల్ ప్లాస్టిక్ భాగం సీటు అంచు మీదకు ఎక్కి, మెలితిరిగి కూర్చుంటుంది. బకిల్ కాండం పొడవుగా ఉన్న బండ్లలో ఇది తరచూ జరుగుతుంది. తాకిడిలో ఆ అంచే బకిల్‌ను విరుస్తుంది, లేదా మీట నొక్కుకుని తెరుచుకుంటుంది. సీటును కాస్త పక్కకు జరిపి చూడండి. లాభం లేకపోతే మరో చోటికి మార్చండి, అక్కడా అంతే అయితే ఆ బండికి ఆ సీటు పనికిరాదు.

ఏ పద్ధతిలోనైనా చివరి పరీక్ష ఒకటే. బెల్టు వెళ్లే దారి దగ్గర సీటును ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ కదపండి. 2.5 సెం.మీ. మించి కదలకూడదు. సీటు తలకట్టు పట్టుకుని ఊపితే ఏ సీటైనా కదులుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

వెనక్కి తిరిగే సీటుకు వాలు కూడా చూడాలి. పక్కన గీతో, నీటి బుడగో ఉంటుంది. బండి సమతల నేల మీద ఉన్నప్పుడే చూడండి. పసికందుకు సుమారు 45 డిగ్రీలు. నిటారుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరి అడ్డుపడుతుంది. మెడ పట్టే వయసులో కాస్త నిటారు చేయొచ్చు.

7. బిడ్డను కూర్చోబెట్టడం

పట్టీల ఎత్తు దిశను బట్టి మారుతుంది. వెనక్కి తిరిగితే పట్టీలు భుజాల ఎత్తులోనో, కాస్త కిందుగానో సీటులోంచి బయటకు రావాలి. ముందుకు తిరిగితే భుజాల ఎత్తులోనో, కాస్త పైగానో. తారుమారైతే ముందుకు తిరిగిన బిడ్డ వెన్ను నలుగుతుంది, వెనక్కి తిరిగిన బిడ్డ పైకి జారుతుంది.

పిరుదులను సీటు మూలలోకి తోసి, పట్టీలు భుజాల మీదకు వేసి, బకిల్ నొక్కండి. ముందు తొడల దగ్గర సాగు పైకి లాగి, ఆ తర్వాతే మధ్య పట్టీ లాగి బిగించండి. అప్పుడు గిల్లి చూడండి: భుజం ఎముక దగ్గర పట్టీని నిలువుగా రెండు వేళ్లతో గిల్లితే మడత చేతికి చిక్కకూడదు. చిక్కితే ఇంకా వదులే. పిల్లలు మొదటి రెండు నిమిషాలు గొణుగుతారు. అది బిగువు ఎక్కువైనందుకు కాదు, బయటికి చూడాలనుకున్నందుకు.

పొత్తిగుడ్డల్లో చుట్టిన పసికందును అలాగే సీట్లో పెట్టకండి. కాళ్ల మధ్య పట్టీ రావాలంటే కాళ్లు విడిగా ఉండాలి. ముందు పట్టీలు బిగించి, తర్వాత పైన దుప్పటి కప్పండి. స్వెట్టరు, మందపాటి జాకెట్టు విప్పేయండి. తాకిడిలో ఆ దూది అణిగిపోయి పట్టీ మూడు నాలుగు వేళ్ల సందు వదులవుతుంది.

నగల సంగతి ఎక్కడా రాయరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం. మొలతాడుకు కట్టిన వెండి గంటలు, తాయెత్తు బకిల్ కిందకో నడుము పట్టీ కిందకో వస్తే పట్టీ ఒత్తిడి మొత్తం ఆ ఒక్క చోట పడుతుంది. పక్కకు జరపండి. మెడలో గొలుసు, దిష్టి పూసల దండ ప్రయాణమప్పుడు తీసేయడమే మేలు.

పట్టీలకు అతికించే మెత్తలు, మెడ దిండ్లు, తల కట్టే పట్టీలు సీటుతో పాటు రాకపోతే వాడొద్దు. తల పక్కకు వాలుతోందనిపిస్తే చిన్న టవలు చుట్టి తలకు రెండు పక్కలా పెట్టండి. తల వెనక మాత్రం పెట్టకండి.

బయలుదేరే ముందు:

- సీటు 2.5 సెం.మీ. మించి కదలడం లేదు
- టెథరో కాలో పెట్టాను
- పట్టీలో మెలిక లేదు, గిల్లితే మడత చిక్కడం లేదు
- బకిల్ 'టిక్' అంది
- వెనక తలుపుల చైల్డ్ లాక్, కిటికీ లాక్ వేశాను
- డిక్కీ అర మీద, వెనక అద్దం దగ్గర బరువైన సామాను లేదు

8. బూస్టర్‌కు ఎప్పుడు, బెల్టుకు ఎప్పుడు

నాలుగేళ్లు రాగానే బూస్టర్‌కు మార్చే తొందర కనిపిస్తుంది. సొంత పట్టీలున్న సీటు పరిమితి దాటలేదంటే అందులోనే ఉంచండి. బూస్టర్‌లో ఉండాలంటే బిడ్డ దారంతా నిటారుగా కూర్చోవాలి, నిద్రలో పక్కకు ఒరిగిపోకూడదు, బెల్టును చంక కిందకు తోయకూడదు. చాలామంది నాలుగేళ్ల పిల్లలకు అది చేతకాదు.

బూస్టర్‌లో నడుము పట్టీ పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట, తుంటి ఎముక మీద ఉండాలి. పొట్ట మీదుంటే తాకిడిలో లోపలి అవయవాలకు దెబ్బ. భుజం పట్టీ మెడకూ భుజం అంచుకూ మధ్యలో రావాలి.

బూస్టర్ తీసేయడానికి 145–150 సెం.మీ. ఎత్తు కావాలి, చాలామందికి అది 10 నుంచి 12 ఏళ్ల మధ్య వస్తుంది. బండి సీట్లో మామూలుగా కూర్చోబెట్టి చూడండి: వీపు పూర్తిగా ఆనుతోందా, మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా, నడుము పట్టీ తుంటి మీద, భుజం పట్టీ భుజం మధ్యలో ఉన్నాయా, ప్రయాణం మొత్తం అలాగే కూర్చోగలడా. అయిదింటికీ 'అవును' రావాలి. బండిని బట్టి జవాబు మారుతుంది, తాతగారి బండిలో మళ్లీ చూడండి.

సన్‌రూఫ్‌లోంచి నిలబడి చేతులూపే పిల్లలకు ఏ సీటూ, ఏ బెల్టూ లేనట్టే. ఒక్క గట్టి బ్రేకు చాలు.

9. తరచూ వచ్చే సమస్యలు, సవరణలు

*బెల్టు నాలుగు రోజులకే వదులవుతోంది.* మన బండ్లలో వెనక బెల్టులు హఠాత్తుగా లాగితేనే బిగుస్తాయి, మామూలుగా కదిలితే సాగుతాయి. లాక్ క్లిప్ ఉన్న సీటు వాడండి. లేకపోతే వారానికోసారి బిగించడమే.

*బిడ్డ బకిల్ తీసేస్తున్నాడు.* బకిల్‌కు తొడుగులు, తాళాలు కొనకండి. ప్రమాదంలో మీకు కూడా తెరుచుకోవు. పట్టీలు వదులుగా ఉంటేనే చేతులు బయటికొస్తాయి, ముందు అది చూడండి. తీసిన ప్రతిసారీ బండి ఆపి, మళ్లీ పెట్టి, తర్వాతే కదలండి.

*బకిల్ 'టిక్' అనడం లేదు.* లోపల బిస్కెట్ పొడి, మురుకుల ముక్కలు చేరి ఉంటాయి. బకిల్‌ను గోరువెచ్చటి నీళ్లలో ఊపి, ఆరబెట్టండి. నూనె, సబ్బు పోయకండి.

*ఒకటే ఏడుపు, పాలివ్వాలి.* కదిలే బండిలో బిడ్డను తీసి పాలివ్వొద్దు. దాబా దగ్గరో, బంకు దగ్గరో ఆపండి. హైదరాబాద్–విజయవాడ దారి లాంటి దూరాలకు ఆగే చోట్లు ముందే అనుకుని బయలుదేరితే గొడవ ఉండదు.

*వెనక వరుసలో మూడో మనిషి పట్టడం లేదు.* ఇది నిజమైన ఇబ్బందే. కానీ సర్దుకోవాల్సింది పెద్దవాళ్లు. సీటు తీసేసి బిడ్డను నాన్నమ్మ ఒళ్లో పెడితే మొదటికొచ్చినట్టే.

*క్యాబ్‌లో ఎలా?* బెల్టుతో బిగించే తేలికపాటి సీటు వెంట ఉంచుకోండి. ఎక్కే ముందు వెనక బెల్టులు బయట ఉన్న బండేనా అని డ్రైవరుకు ఫోన్ చేసి అడగండి. చాలా క్యాబ్‌లలో బకిల్స్ సీటు కిందే ఉంటాయి.

10. ఎండ, నిద్ర, దూర ప్రయాణం

ఎండలో మూసి పెట్టిన బండిలో 10 నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. కిటికీ కాస్త తెరిచి ఉంచినా పెద్దగా తేడా ఉండదు. కూరగాయలు కొనే అయిదు నిమిషాలకైనా బిడ్డను బండిలో వదలొద్దు. రోజూ బిడ్డను బడిలో దింపేవారైతే మీ ఫోనో, బ్యాగో వెనక సీట్లో పెట్టే అలవాటు చేసుకోండి.

మే నెలలో బకిల్ లోహపు భాగం తొడను కాల్చేంత వేడెక్కుతుంది. బండి నిలిపినప్పుడు సీటు మీద తెల్ల టవలు కప్పి, తీశాక చేత్తో ముట్టుకుని చూడండి.

నెలలోపు బిడ్డను క్యారియర్‌లో ఏకబిగిన అరగంట మించి ఉంచకపోవడం మంచిది. అమ్మగారింటి నుంచి అత్తారింటికి తీసుకెళ్లే ప్రయాణం దూరమైతే, పెద్దవాళ్లలో ఒకరు వెనక బిడ్డ పక్కనే కూర్చుని గడ్డం రొమ్ముకు ఆనకుండా చూస్తుండాలి. కాస్త పెద్ద పిల్లలకు కూడా రెండు గంటలకోసారి బయటకు తీయండి. ఇంటికొచ్చాక క్యారియర్‌లోనే నిద్రపోతున్నాడని అలా వదిలేయకండి, చదునైన పక్క మీదకు మార్చండి.

11. అమెరికా నుంచి తెచ్చిన సీట్లు

అన్నయ్యో, అక్కో తిరిగొస్తూ తెచ్చిన సీటు మంచిదే అయినా, మన బండిలో బిగించడంలో ఒక మెలిక ఉంది. అమెరికా బండ్లలో బెల్టు చివరి దాకా లాగి వదిలితే దానికదే తాళం పడుతుంది, చాలా సీట్లు దాన్ని నమ్ముకునే తయారవుతాయి. మన బెల్టులు ఎక్కువగా అలా బిగవవు. కాబట్టి సీటులోనే లాక్ ఉండాలి, లేదా దానితో వచ్చిన ఇనుప లాకింగ్ క్లిప్‌ను మాన్యువల్ ప్రకారం బకిల్‌కు దగ్గరగా పెట్టాలి. చాలామంది ఆ క్లిప్‌ను అట్టపెట్టెతో పాటే పారేస్తారు.

అమెరికా సీట్లకుండే లాచ్ (ఐసోఫిక్స్ లాంటి అక్కడి పద్ధతి) కొక్కేలు మన ఐసోఫిక్స్ కడ్డీలకు పడతాయి. ముందుకు తిరిగేటప్పుడు టాప్ టెథర్ తప్పనిసరి. వీటికి రొమ్ము మీద వచ్చే క్లిప్ అదనంగా ఉంటుంది, అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు.

12. శుభ్రం చేయడం, మార్చడం

గుడ్డ భాగం తీసి చీటీ మీద చెప్పినట్టు ఉతకండి. పట్టీలను మాత్రం నానబెట్టొద్దు, మెషీన్‌లో వేయొద్దు. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, రసాయనాలు దారాల బలం తీసేస్తాయి. తిరిగి తొడిగే ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే పట్టీల దారి తప్పదు.

పెద్ద ప్రమాదం జరిగితే సీటు బయటకు బాగానే కనిపించినా మార్చాల్సిందే, లోపల సన్న పగుళ్లు కంటికి కనిపించవు. బిడ్డ అప్పుడు అందులో లేకపోయినా అంతే. చిన్న తగులుడు సంగతి సీటు మాన్యువల్‌లో చూడండి, కొన్ని కంపెనీలు దానికీ మార్చమంటాయి. బీమా క్లెయిమ్‌లో సీటును కూడా చేర్చి అడగండి.

ఆయుష్షు తీరిన సీటును పాత సామాన్ల వాడికి అలాగే ఇవ్వకండి. పట్టీలు కత్తెరతో కోసి, చిప్ప మీద 'వాడొద్దు' అని మార్కర్‌తో పెద్దగా రాసి ఇవ్వండి. లేకపోతే మళ్లీ ఇంకెవరి బండిలోనో తేలుతుంది.